కరెంటు లేని అరగంట

దెయ్యాల్లేవు. ఈ మాట నేను ఊరికే అనటం లేదు. పాతికేళ్లపాటు ఊరూరా తిరిగి మైకు పట్టుకుని మరీ చెప్పాను. నేను హైస్కూల్లో ఫిజిక్సు చెప్పిన మాస్టారిని. ఆదివారాలు చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి, బాబాలు చేసే మాయలన్నీ నేనే చేసి చూపించేవాణ్ణి. కత్తికి మందారపువ్వు రుద్ది ఆరబెట్టి, దాంతో నిమ్మకాయ కోస్తే రసం నెత్తురులా ఎర్రగా కారుతుంది. జనం నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, ఇందులో దెయ్యం లేదు, మందారపువ్వు ఉంది అని చెప్పి వచ్చేవాణ్ణి.

అలాంటి నా ఇంట్లోనే ఇది జరిగింది. అర్ధరాత్రి కాదు, అమావాస్య కాదు. మిట్టమధ్యాహ్నం, పన్నెండుమంది ఆడవాళ్లు కుర్చీలేసుకుని కూర్చున్న ముందుగదిలో.

అంతకంటే ముందు నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. పెళ్లయిన కొత్తలో, ఒక క్రికెట్ మ్యాచ్ రికార్డు చేసుకుందామని చేతికందిన క్యాసెట్ వీసీఆర్‌లో పెట్టాను. అది మా పెళ్లి క్యాసెట్. మంగళసూత్రం కట్టబోతూ చెయ్యెత్తిన దగ్గర నుంచి స్పిన్ బౌలింగ్ మొదలవుతుంది. మా ఆవిడ విజయ ఆ రోజు ఏడవలేదు, అరవలేదు. మ్యాచ్ ఎవరు గెలిచారని మాత్రం అడిగింది. ఆ తర్వాత ఎప్పుడు ఏ వస్తువు నా చేతికిచ్చినా, దీనిమీద ఆట ఎక్కించకండి అని చెప్పి ఇచ్చేది.

ఆ మచ్చ చెరుపుకోవటానికే కంప్యూటర్ కొన్నానంటే మీరు నమ్మాలి. ఇరవయ్యేళ్ల కిందటి మాట. గుంటూరులో విడిభాగాలు బిగించి ఇస్తుంటే, ఆ డబ్బా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దాంతోపాటు టీవీ ట్యూనర్ కార్డు ఒకటి తెచ్చి లోపల బిగించాను. కేబుల్ వైరు దానికి తగిలిస్తే కంప్యూటర్లోనే టీవీ వస్తుంది. ఏ ఛానెలు, ఎన్ని గంటలకు అని ముందే చెప్పి పెడితే, మనం ఇంట్లో లేకపోయినా అదే రికార్డు చేసి దాచిపెడుతుంది.

మొదటి ప్రయత్నంలో సౌండు వైరు తగిలించటం మర్చిపోయాను. విజయ చూసే సీరియల్లో అత్తగారు కోడల్ని అరగంటసేపు మూగగా తిట్టింది. రెండోసారి కేబుల్ ఆయన చెప్పాపెట్టకుండా ఛానెళ్ల వరస మార్చేశాడు. సీరియల్ బదులు పత్తిలో శనగపచ్చ పురుగు నివారణ రికార్డయింది. విజయ అది పూర్తిగా చూసి, దీంట్లో పురుగు బాగా చేసిందండీ అంది.

ఇలా నెలరోజులు పడి దాన్ని దారికి తెచ్చాక, అసలు పరీక్ష వచ్చింది. ఒక టీవీ ఛానెల్ వాళ్లు గుంటూరులో వంటల కార్యక్రమం షూటింగ్ పెట్టారు. విజయ ఉత్తరం రాస్తే రమ్మన్నారు. పండుమిరపకాయలతో కొరివికారం చేసి చూపించాలి.

కొరివికారం మా అత్తగారి సొత్తు. ఆవిడ పేరు సీతారావమ్మ. ఇంకొల్లు దగ్గర పల్లె. కాయలు కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, ఉప్పూ గింజ తీసిన చింతపండూ వేసి తొక్కి జాడీకెత్తేది. మూడోరోజు తీసి మళ్లీ నూరేది. నూరినంతసేపూ కూతుళ్లిద్దరూ పక్కనే ఉండాలి. వాళ్లు పోట్లాడుకుంటే రోకలి ఆపేసేది. రాజీ పడితేగాని నూరేది కాదు. ఆ తల్లి పోయి అప్పటికి సంవత్సరం కావస్తోంది. చివరి ఆర్నెల్లూ ఒంగోల్లో పెద్దకూతురు భారతి దగ్గరే ఉంది. భారతి అంటే విజయ అక్క, నాకు వదిన. సంవత్సరీకం కూడా వదిన ఇంట్లోనే, ఆవిడ కొడుకు చేతుల మీదుగా చేయాలనుకున్నారు.

షూటింగుకి విజయ వాళ్లమ్మ రోలూ రోకలీ పట్టుకెళ్లింది. వాటిని ఆటోలోకి ఎక్కించి, గుంటూరులో గేటు దాకా మోయటం వరకే నా పాత్ర. నన్ను చూస్తే మాట తడబడుతుందని లోపలికి రానివ్వలేదు. గేటు బయట వేరుశెనక్కాయలు తింటూ గంటన్నర నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడిందో నేను వినలేదు. ఈ ముక్క ముఖ్యం.

ప్రసారం ఒక బుధవారం మధ్యాహ్నం రెండింటికి. నేను సెలవు పెట్టాను. ఆ పక్షం కరెంటు కోత పొద్దున పది నుంచి పన్నెండు దాకా. లైన్‌మన్‌ని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను. కంప్యూటర్లో రెండు నుంచి రెండున్నర అని పెట్టాను. కొత్తగా కొన్న యూపీఎస్ కూడా తగిలించాను. ఒంటిగంటన్నరకే వీధిలో ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. విజయ పట్టుచీర కట్టుకుంది, తెరమీద ఉన్నదీ తనే అయినా.

రెండైంది. పాట వచ్చింది. యాంకరమ్మ నవ్వుతూ నమస్కారం పెట్టింది. పెట్టిన చెయ్యి దించకముందే కరెంటు పోయింది.

వీధంతా పోయింది, పేటంతా పోయింది. కోత వేళలు ఆ రోజు నుంచే మార్చారట. యూపీఎస్ పుణ్యమా అని కంప్యూటర్ అయితే వెలుగుతోంది గానీ, కేబుల్ ఆయన దగ్గర కూడా కరెంటు లేదు కాబట్టి తెరనిండా చీమలు పాకుతున్నాయి. యూపీఎస్ కుయ్ కుయ్ అని ఒకటే గోల. పన్నెండుమంది నావంకే చూస్తున్నారు. రెండు నిమిషాలు ఓర్చుకుని, కంప్యూటర్ నా చేత్తో నేనే ఆపేశాను. యూపీఎస్ మీట నొక్కేశాను. కరెంటు వచ్చేటప్పుడు ఎక్కువ తక్కువలు వస్తాయని గోడ దగ్గర ప్లగ్గు కూడా పీకి కింద పడేశాను. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

ఆడవాళ్లు విజయ పోసిచ్చిన షర్బత్ తాగి, కొరివికారం రుచి చూసి, టీవీలో చూడకపోతే ఏమమ్మా, తిన్నాంగా అని ఓదార్చి వెళ్లిపోయారు.

మూడింటికి ఫోను మోగింది. ఒంగోల్లో కరెంటు ఉంది. భారతి వదిన మొత్తం చూసింది. విజయ సంబరంగా ఫోనెత్తి, రెండు నిమిషాల్లో గోడకి ఆనుకుని నిలబడిపోయింది. వదిన గొంతు నాకు కూడా వినపడుతోంది.

"అరగంటసేపు మాట్లాడావే. మా వంట, మా పద్ధతి అన్నావు. అమ్మ పేరు ఒక్కసారి నీ నోటెంట రాలేదు. ఆమె రోట్లోనే నూరుతున్నావు, ఆమె పేరే మర్చిపోయావు. రేపు సంవత్సరీకానికి ఏం మొహం పెట్టుకుని వస్తావు?"

చెప్పానక్కా, అమ్మ పేరు చెప్పాను, నీ గురించి కూడా చెప్పాను అని విజయ అంటూనే ఉంది. నా కళ్లతో నేను చూశానుగా అని వదిన ఫోను పెట్టేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోకలి నేనే అయ్యాను. కంగారులో చెప్పాననుకుని మర్చిపోయావేమో, ఆధారం లేందే ఎవరైనా ఎట్లా నమ్ముతారు అన్నాను. ఊరందరికీ చెప్పే మాటే అలవాటుగా ఇంట్లో కూడా అనేశాను.

విజయ నావంక చూసి, "మీరు కూడానా?" అంది. అంతే. పట్టుచీర మార్చుకుని అంట్లు తోమటానికి వెళ్లింది.

ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. వారం రోజుల్లో సంవత్సరీకం ఉంది. తాను రానంది. తల్లి సంవత్సరీకానికి వెళ్లని కూతుర్ని బంధువుల్లో ఏమంటారో తనకి తెలుసు. అబద్ధాలకోరు అనిపించుకుని ఆ గుమ్మం ఎక్కనంది.

శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చి, కింద పడున్న ప్లగ్గు తీసి గోడకి పెట్టాను. ఆ ప్లగ్గు బుధవారం నుంచి అక్కడే ఉంది, దానిమీద చీపురు కూడా పడలేదు. కంప్యూటర్ వేసి, రికార్డింగులు దాచే చోట చూస్తే బుధవారం ఫైలు ఉంది. మహా అయితే నాలుగు నిమిషాలు ఉంటుందనుకున్నాను. ముప్పై నిమిషాలుంది. మొదలు రెండు గంటలు, ముగింపు రెండున్నర.

నొక్కాను. యాంకరమ్మ నమస్కారం పెట్టింది. చెయ్యి దించింది. పక్కన విజయ, ముందు మా అత్తగారి రోలు. చీమల్లేవు, గీతల్లేవు. మా కేబుల్ ఆయన తెర అడుగున ఎప్పుడూ పరిగెత్తించే చీరల దుకాణం ప్రకటన లేదు. మధ్యలో వ్యాపార ప్రకటనలు కూడా లేవు.

తన గొంతు తనకే వినపడి విజయ వంటింట్లోంచి తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం నిలబడే చూశాం. పచ్చడి నూరటం అయ్యాక, ఇది ఎవరు నేర్పారండీ అని యాంకరమ్మ అడిగింది. తెరమీద విజయ రోకలి పక్కన పెట్టి చెప్పింది.

"మా అమ్మండీ. ఆవిడ పేరు సీతారావమ్మ. పచ్చడి తీసేశాక ఇదే రోట్లో వేడన్నం వేసి కలిపి, మొదటి ముద్ద మా అక్కకి పెట్టేది. అక్క అందులో సగం నాకు పెట్టేది. ఇప్పటికీ నాకు ఆ సగం ముద్దే రుచండీ."

నా పక్కన నిలబడ్డ విజయ, చూశారా అని అనలేదు. అంటే బాగుండేది. కంప్యూటర్ బల్ల మీద చెయ్యి ఆనించి, చేతిమీద నీళ్లు కీబోర్డులోకి కారుతున్నా పట్టించుకోకుండా మిగతాది కూడా చూసింది. నేను క్షమించమని అడిగాను. పెళ్లి క్యాసెట్‌కి కూడా అంత మనస్ఫూర్తిగా అడగలేదు. కీబోర్డు పాడవుతుందేమో చూడండి అంది.

ఆ రాత్రే సీడీలోకి ఎక్కించి, శనివారం పొద్దున బస్సెక్కి ఒంగోలు వెళ్లాం. వదిన తలుపు తీసింది. కోపంగా ఉన్నా చెంబుతో నీళ్లిచ్చింది. నేను సీడీ తీసి వాళ్ల ప్లేయర్లో పెట్టాను. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి వదిన కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరకు వెళ్లి నిలబడింది. అయిపోయాక మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. మూడోసారి కూడా చూసి చెల్లెలి వైపు తిరిగింది.

"సగం అని చెప్పావేంటే? ముప్పాతిక నీకే పెట్టేదాన్ని."

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడుస్తూ నవ్వారో, నవ్వుతూ ఏడ్చారో నాకు తెలియలేదు. నాకూ కళ్లు చెమర్చాయి. సంవత్సరీకం అక్కాచెల్లెళ్లిద్దరూ దగ్గరుండి జరిపించారు.

ఇంతవరకే అయితే, కంప్యూటర్ ఏదో గమ్మత్తు చేసిందనుకుని ఊరుకునేవాణ్ణి. కానీ సీడీ చూసిన రోజే వదిన ఒక మాట అంది. బుధవారం తను టీవీ ముందు నుంచి కదల్లేదట, ఈ ముక్క రాలేదట. మర్నాడు ఆదివారం పొద్దున అదే కార్యక్రమం మళ్లీ వేశారు. మేం అక్కడే ఉన్నాం. వదిన తన వీసీఆర్‌లో రికార్డు చేస్తుండగా అందరం కూర్చుని చూశాం. క్యాసెట్ నేనే రెండుసార్లు పరిశీలించి పెట్టాను. ఎవరు నేర్పారండీ అని యాంకరమ్మ అడిగింది. విజయ రోకలి పక్కన పెట్టింది. అక్కడ కోసేసి వ్యాపార ప్రకటన వేశారు. ప్రకటన అయ్యేసరికి తాలింపు చిటపటలాడుతోంది. అమ్మ లేదు, అక్క లేదు, ముద్ద లేదు.

అంటే విజయ చెప్పిందీ నిజమే, వదిన విననిదీ నిజమే. గాల్లోకి అసలు పంపనే పంపని ముక్క, కరెంటు లేని ఊళ్లో, ప్లగ్గు పీకేసిన కంప్యూటర్లోకి ఎట్లా వచ్చింది?

నేను ఊరుకోలేదు. కంప్యూటర్ గడియారం చూశాను, సరిగ్గానే ఉంది. కేబుల్ ఆయన్ని అడిగితే, ఆ రెండు గంటలూ గదికి తాళమేసి భోజనానికి వెళ్లానన్నాడు. ఛానెల్ ఆఫీసుకి ఫోను చేస్తే ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. గంటన్నర తీసి అరగంటకి కుదిస్తారట, మిగిలింది ఎవరికీ పంపరట, ఆ టేపు మీదే ఇంకో వంట ఎక్కించేస్తారట. ఆ చివరి మాట విని ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదనిపించింది. ఆ ఒక్కసారి తప్ప మా కంప్యూటర్ ప్లగ్గు లేకుండా ఏమీ రికార్డు చేయలేదు. నాలుగేళ్లు పనిచేసి పోయింది. సీడీ వదిన దగ్గర ఇంకా ఉంది, ఇంకా ఆడుతుంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను, నవ్వకండి. ఒకరోజు విజయ బజారుకి వెళ్లినప్పుడు, పెళ్లి క్యాసెట్ వీసీఆర్‌లో పెట్టి, వైరు కంప్యూటర్‌కి తగిలించి, ప్లగ్గు పీకేసి అరగంట కూర్చున్నాను. ఏమీ రాలేదు. పాపం చేసిన వాళ్లకి రాదేమో.

ఏటా పండుమిరపకాయల రోజుల్లో వదిన ఒంగోలు నుంచి వస్తుంది. రోట్లో అన్నం కలిపి, మొదటి ముద్ద తను తీసుకుని, ముప్పాతిక చెల్లెలికి పెడుతుంది. ఒకసారి విజయని అడిగాను, నువ్వేమనుకుంటున్నావు అని. "మేం పోట్లాడుకుంటే అమ్మ నూరటం ఆపేసేదిగా, ఎన్ని రోజులని ఆపుతుంది?" అని రోలు కడగటానికి వెళ్లిపోయింది.

రిటైరయ్యాక కూడా పిలిస్తే పల్లెలకు వెళ్తున్నాను. నిమ్మకాయ కోస్తాను, మందారం గుట్టు విప్పుతాను. ఆఖర్లో పిల్లలు, అయితే అంతా మోసమేనా మాస్టారూ అని అడుగుతారు. ఇదివరకు అవునని గట్టిగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు, నాకు నిమ్మకాయ సంగతి వరకే తెలుసమ్మా అని చెప్పి మైకు ఇచ్చేస్తున్నాను.