కోరో మోకాలు

మా వాడలో ఎవరి కాలు మడతపడినా, ఎవరి భుజం తప్పినా ముందు నా గుమ్మం ఎక్కాల్సిందే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అంటారు గానీ, కొబ్బరినూనె, అల్లం, పెరట్లో అరటాకు పెట్టుకుని నలభై ఏళ్ళపాటు సముద్రం మీదికి పోయే మగవాళ్ళందరినీ నేనే నిలబెట్టాను. నా పేరు కోన్సోర్సియా. అందరికీ సియా అత్తను. నోరు మంచిది కాదంటారు, నిజమే. చేతులు మంచివంటారు. ఆ మాట విని విని పొంగిపోయినదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది మా కోరో కథ.

పూర్తి పేరు దియోస్కోరో లుమపాస్. నా తమ్ముడి కొడుకు. తుఫానులో నా తమ్ముడు పడవతో సహా పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. వాళ్ళమ్మ చేపలు ఎండబెట్టే పనికి పోతే, వీడు రోజంతా బాస్కెట్‌బాల్ కోర్టులోనే ఉండేవాడు. కోర్టంటే పేరుకే. ఒక కొసన మా వాళ్ళు ఎప్పుడూ కొబ్బరి చిప్పలు ఎండబోసేవాళ్ళు. మిగిలిన సందుల్లో పిల్లలు ఆడుకోవాలి. చిప్ప మీద కాలు పడిందో, ఆ చిప్ప తాలూకు ముసలమ్మ చీపురు తిరగేసేది. రబ్బరు చెప్పులతో, తల దించకుండా, చిప్పల వరసల మధ్య బంతి తట్టుకుంటూ పోవడం కోరోకి అలా అబ్బింది. మనిషి పొట్టి. రింగు దాకా ఎగిరే పొడుగువాళ్ళు వేరే ఉన్నారు. బంతిని మోసుకొచ్చి, అందరినీ చూసి, ఎవడి చేతిలో ఏ క్షణాన పెట్టాలో తేల్చేవాడు వీడు. దాన్ని పాయింట్ గార్డ్ అంటారు. మా దేశంలో నడక వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఆ మాట తెలుసు.

పదిహేనేళ్ళు వచ్చేలోపు వాడి చీలమండలు పదకొండుసార్లు సరిచేశాను. ఒక్కసారీ ఏడవలేదు. నొప్పి పుట్టినప్పుడు నన్నే తిట్టేవాడు.

"నీ వేళ్ళా, పట్టకార్లా అత్తా?"

"నోర్ముయ్. నీకంటే దూడ నయం, కదలకుండా పడుంటుంది."

"దూడక్కూడా నీ మొహం చూస్తే భయమేలే."

వాడికి మొదటి బూట్లు ఇచ్చింది మా వాడ పెద్ద, కపితాన్ పోర్ఫిర్యో. ఆయన కొడుకు తొడిగి వదిలేసినవి. రెండు సైజులు పెద్దవైతే ముందు వైపు పాత కాగితాలు కుక్కి వేసుకున్నాడు. సెబు నగరంలో కాలేజీ జట్టువాళ్ళకు ఉత్తరం రాసి, ఓడ ఎక్కించింది కూడా ఆయనే. ఆ మేలు మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. మరవనివ్వడానికి కపితాన్ కూడా ఇష్టపడలేదు.

సెబులో మూడేళ్ళు ఆడాక మనీలాలో జీతానికి ఆడే లీగు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ జట్లన్నీ కంపెనీలవే. వీడిని తీసుకున్నది చేపల డబ్బాల కంపెనీ. వీపు మీద లుమపాస్, రొమ్ము మీద సార్డీన్ చేప. ఇరవై రెండేళ్ళవాడు. నాలుగు నెలలు బల్ల మీదే కూర్చోబెట్టారు. ఒక ఆదివారం వాళ్ళ పాత పాయింట్ గార్డు బొటనవేలు విరిగితే గతిలేక వీడిని దింపారు. ఆ పూట వాడు అందించిన బంతుల్లో పద్నాలుగు రింగులో పడ్డాయి. మేమంతా కపితాన్ వసారాలో టీవీ ముందు కూర్చుని గొంతులు పోగొట్టుకున్నాం. చూడకుండా పక్కకు బంతి విసిరేవాడు, అక్కడ మనిషి ఉండేవాడు. వీడికి వీపున కూడా కళ్ళున్నాయని పేపరువాళ్ళు రాశారు. ఆ ఏడు కొత్తగా వచ్చినవాళ్ళలో వీడే మేటి అని కప్పు ఇచ్చారు. పాత ఆటగాణ్ణి మళ్ళీ దింపలేదు.

మే నెలలో పునీత ఇసిద్రో పండగకి ఇంటికొచ్చాడు. ఒక చంకలో కప్పు, ఇంకో చంకలో చేపల డబ్బాల పెట్టె.

"మన చేపలేరా ఇవి! డబ్బాలో దూరి షికారు చేసి మళ్ళీ మన దగ్గరికే వచ్చాయే!" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. అంత హాయిగా వాడు నవ్వడం నేను చూసిన ఆఖరుసారి అదే.

పండగంటే మాకు పూజ, పంది మాంసం, ఆ తరవాత పక్క వాడతో ఫైనల్ ఆట. గెలిచినవాళ్ళకు బతికున్న పంది. దానికోసం ఏడాదంతా రెండు వాడల మధ్య మాటలుండవు. కోరో ఆడకూడదు. కంపెనీ ఒప్పందంలో ఆ మాట ఉంది, బయట ఎక్కడ ఆడినా కాగితం చెల్లదు. వాడే మాకు చదివి వినిపించాడు. కానీ ఆ రోజు కపితాన్ కల్లు ముంత పట్టుకుని వచ్చి, అందరి ముందూ వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏరా, మనీలా నీళ్ళు పడ్డాక మన కొబ్బరి కల్లు చేదెక్కిందా?"

"అది కాదు కపితాన్, కాగితంలో..."

"కాగితం సంగతి నాకు చెప్పకు. నువ్వు కాగితాలు కుక్కుకున్న ఆ బూట్లు ఎవరిచ్చార్రా? ఒక్క సగం ఆడు చాలు. మనీలా దాకా ఎవడు చెప్తాడు?"

కోరో నా వైపు చూశాడు. నేను కల్లు ముంత వైపు చూపు తిప్పుకున్నాను. మేలు చేసినవాడు అడిగితే మా దగ్గర కాదనరు. ఆ సిగ్గు కంటే చావు మేలు. వాడు చొక్కా మార్చుకున్నాడు.

సగం కాస్తా మొత్తం అయింది. చివరి నిమిషాల్లో వాడు ఎగిరి దిగుతూ పక్క వాడ మొద్దొకడి పాదం మీద దిగాడు. పచ్చి వెదురు చిట్లినట్టు చప్పుడైంది, కోర్టు గట్టు మీద కూర్చున్న నాకు కూడా వినిపించింది. ఇద్దరు మోసుకొచ్చి నా చాప మీద పడుకోబెట్టారు. పంది మాత్రం మాకే వచ్చింది.

ఎడమ మోకాలు అప్పటికే బొప్పాయి కాయంత అయింది. వాడి మొహాన చెమట.

"అత్తా, డాక్టరు వద్దు. చీటీలో రాస్తాడు, కంపెనీ చేతికి పోతుంది. ఆటలు మొదలవడానికి ఇంకా మూడు వారాలుంది. నువ్వు చూడు."

అరటాకు పేలిక మీద నూనె రాసి, మోకాలి చుట్టూ జరిపాను. చెడిన చోట ఆకు అంటుకుంటుంది, అది మా పద్ధతి. మోకాలి లోపలి వైపు ఆకు అంటుకుపోయింది. ఇంతలో ఆరోగ్య కేంద్రంలో కాన్పులు చేసే నేలియా పరుగున వచ్చింది, చేతిలో ఐసు ముక్కలు కట్టిన గుడ్డ. చదువుకున్న పిల్ల, నాకు ఆ పిల్లంటే ఎప్పుడూ కిట్టేది కాదు.

"సియా అత్తా, రుద్దొద్దు! ఐసు పెట్టి కదలకుండా కట్టేద్దాం. రేపు ఓడ మీద సెబు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిద్దాం."

"కాగిన మూకుడు మీద చన్నీళ్ళు పోస్తావా? నరాలు ముడుచుకుపోయి జన్మంతా చెయ్యీ కాలూ వణుకుతుంటే నువ్వొచ్చి చూస్తావా? కాన్పులు చూసుకో పో."

అలసి కాగిన ఒంటికి చల్లదనం తగిలితే నరాలు చెడతాయని మా అమ్మ, వాళ్ళమ్మ చెప్పేవాళ్ళు. నేలియా గుడ్డ గుమ్మం దగ్గర పెట్టేసి పోయింది. ఐసు అక్కడే కరిగిపోయింది. కనీసం దాన్ని ఎత్తి లోపలికి తెచ్చినా బాగుండేది. ఇప్పుడు అనుకుని ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

రోజూ పొద్దునే వేడి నూనెతో రుద్దాను. పది రోజులకు వాపు తీసింది. పదిహేను రోజులకు వాడు నడిచాడు. వాడ అంతా నా చేతుల్ని పొగిడింది. కపితాన్ పంది తొడ ఒకటి పంపించాడు, ఉప్పులో ఊరేసి మరీ.

కానీ నాకు ఒకటి తెలుసు, దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. వాడి పిక్క పట్టుకుని ముందుకు లాగితే, ఎముక వదులైన సొరుగులా జారి ముందుకొచ్చేది. కుడికాలికి అలా రాదు. నలభై ఏళ్ళలో ఏ కాలికీ అలా రాలేదు. ఏదో ఉండాల్సింది లోపల లేదని నా వేళ్ళకు అర్థమైంది. అదేమిటో నాకు తెలీదు. తెలీదని ఒప్పుకుంటే నేలియా నవ్వుతుంది, అదే నా బాధ. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పిల్ల నవ్వు గురించే నేను ఆలోచించాను.

ఓడ ఎక్కే రోజు మా ఇంటి ముందు అందరూ చేరారు. నేలియా కూడా వచ్చి వెనక నిలబడింది. కోరో సంచి కింద పెట్టి నా ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పత్తా. ఆడొచ్చా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను నేలియా వైపు చూసి, "ఆడు. నీ కాలు ఉక్కులా ఉంది," అన్నాను.

కొత్త సీజను మొదటి ఆట రోజున కపితాన్ వసారా నిండా జనం. వాడు అద్భుతంగా ఆడాడు. మూడో క్వార్టరు దాకా తొమ్మిది బంతులు రింగులో వేయించాడు. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను, వాడి మొహాన్ని కాదు, ఎడమ కాలిని. అప్పుడు వాడు బంతి తట్టుకుంటూ వచ్చి ఎడమ వైపు తిరగబోయాడు. ఒక్కడూ తగల్లేదు. చుట్టుపక్కల మనిషి లేడు. పాదం నేలకు అంటుకుని ఉండిపోయింది, పైనున్న మనిషి తిరిగాడు. అంతే, కూలిపోయాడు. దాన్ని టీవీలో మూడుసార్లు చూపించారు. మూడోసారి వాళ్ళమ్మ లేచి టీవీ కట్టేసింది. ఎవరూ ఇంటికి కదల్లేదు.

మోకాలు కోసిన డాక్టరు, ఇది ఈ రోజు తెగింది కాదని కంపెనీకి చెప్పాడట. పండగ ఆట సంగతి పక్క వాడవాళ్ళే కంపెనీ చెవిన వేశారని అంటారు. పంది పోయిన కడుపుమంట. కంపెనీ ఒప్పందం చింపేసింది. ఒక సీజను, ఇంకో ఆటలో మూడు క్వార్టర్లు. మనీలాలో మా కోరో జీవితం మొత్తం అంతే.

రెండు కర్రల మీద తిరిగొచ్చాడు. మోకాలు సగమే వంగుతుంది. కపితాన్ పాత మోటారు సైకిలు ఒకటి ఇచ్చాడు, దానికి పక్కబండి తగిలించుకుని జనాన్ని సంతకు దింపుతున్నాడు. అడిగినవాళ్ళందరికీ డాక్టర్ల కత్తే తన కాలు చెడగొట్టిందని చెప్పేవాడు. నా పేరు ఎత్తలేదు. వాళ్ళు వచ్చి ఆ మాటే నాకు చెప్పి, కాళ్ళు చాపి చాప మీద పడుకునేవాళ్ళు. నేను నోరు మూసుకుని రుద్దేదాన్ని. తిన్నది ఒంటికి పట్టేది కాదు.

ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. మొన్న వానాకాలంలో వాడి బండిలో సంతకు వెళ్తున్నాను. వంగని కాలు ముందుకు చాచి నడుపుతున్నాడు, మోకాలి మీద వాన పడుతోంది. చూడలేకపోయాను.

"బండి ఆపరా," అన్నాను. ఆపాడు. అన్నీ చెప్పేశాను. పిక్క జారడం, నేలియా నవ్వు, అన్నీ. వాడు హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"తెలుసత్తా. డాక్టరు నాకూ చెప్పాడు, ముందే తెగి ఉందని."

"మరి నన్నెందుకు కాచావురా?"

"నేను కాస్తే నాలుగు కాళ్ళు నీ దగ్గరికొస్తాయి. ముసలిదానివి, ఏం తిని బతుకుతావు?"

ఒక్క ఊరట కోసం, ఒక్కటే, అడిగాను.

"నేను వద్దన్నా నువ్వు ఆడేవాడివేలే. ఆ వయసు అలాంటిది. అవునా?"

వాడు వాన తుడుచుకుని, నా మొహంలోకి చూశాడు.

"లేదత్తా. నువ్వు వద్దంటే ఆడేవాణ్ణి కాదు."

తరవాత బండి తీశాడు.