ఆ ఫోన్ చేసింది నేను కాదు

చెప్పేస్తాను. ఈ రోజు చెప్పకపోతే ఇంక చెప్పలేను. ఆరేళ్ళుగా ఒక మనిషి పేరు నాలుక కింద దాచుకుని తిరుగుతున్నాను. అన్నం తింటున్నా అక్కడే ఉంటుంది, దేవుడికి దండం పెడుతున్నా అక్కడే ఉంటుంది. నవ్వబోతే అడ్డం వస్తుంది. ఇప్పుడిలా మాట్లాడుతుంటే గుండె డప్పు కొట్టినట్టు కొట్టుకుంటోంది. అయినా లోపల ఎక్కడో సంబరంగా కూడా ఉంది. తిరునాళ్ళకు బయలుదేరే పొద్దున పిల్లలు కాలు నిలవక తిరుగుతారు చూడండి, అలా ఉంది నా పని. ఇల్లంతా తిరుగుతూ మాట్లాడుతున్నాను. తప్పు చెప్పుకోబోయే మనిషికి సంబరమేమిటి? నాకూ తెలియదు.

నాకు రాయడం రాదు. సంతకం వచ్చు, అంకెలు వచ్చు, తెలుగులో పెద్దక్షరాలైతే కూడబలుక్కుంటాను. ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడతాయని మనవరాలు నేర్పింది. మీరు చదువుతున్నారంటే పడ్డట్టే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. ముఖం తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. సాయంత్రంలోపల రావాలి.

మాది అనంతపురం పక్క. చెనిక్కాయ పండే నేల. వేరుశెనగ అంటారు మీరు. మా ఆయనా నేనూ అదే వేశాం, అదే తిన్నాం. ఆయన పోయాక కూతురు నన్ను ఇక్కడికి, అమెరికాలో మోరిస్‌విల్‌కి తెచ్చుకుంది. కూతురూ అల్లుడూ ఆఫీసుకు పోతే పాపను నేను చూసుకోవాలి. అప్పుడు పాపకు మూడేళ్ళు. దానికి ఆ గింజలు పడవు, నోట్లో పడితే గొంతు వాచి ఊపిరాడదు అని డాక్టరు చెప్పాడట. ఇంట్లో ఒక్క గింజ లేకుండా చేసింది నా కూతురు. నేను పైకి సరే అన్నాను. లోపల నవ్వుకున్నాను. చెనిక్కాయ పంట పోయి చచ్చినవాళ్ళను చూశాను గానీ, చెనిక్కాయ తిని చచ్చినవాళ్ళను చూడలేదు.

అంతకు ముందే ఒకసారి పాప నా చెయ్యి వదిలించుకుని రోడ్డు మీదకు పరుగెత్తింది. ఏమీ కాలేదు. కానీ కూతురు ఆ రోజే అనేసింది, ఇంకోసారి ఇలాంటిది జరిగితే పాపను డేకేర్‌లో వేస్తాను, నిన్ను ఊరికి పంపించేస్తాను అని. ఊళ్ళో నాకెవరున్నారు? ఇది గుర్తుపెట్టుకోండి. సాకుగా చెప్పడం లేదు. సాకు కాదా? ఏమో, సాకేనేమో.

మా అపార్ట్‌మెంట్‌లో మెట్లకు అవతలి ఇంట్లో యాదమ్మ ఉండేది.

అనేశాను. యాదమ్మ. యాదమ్మ.

కరీంనగర్ పక్క మనిషి. నాకంటే చిన్నది, నాలాగే ముండమోసింది, పిల్లల్లేరు. తల్లి లేని మేనల్లుడిని తనే పెంచింది. వాడు ఇక్కడ ఉద్యోగంలో కుదిరి, పెళ్ళి చేసుకుని, బిడ్డ పుడితే చూసుకోవడానికి అత్తను విజిటర్ వీసా మీద పిలిపించాడు. ఏడో తరగతి దాకా చదివింది. మధ్యాహ్నాలు బిడ్డను చంకనేసుకుని మా ఇంటికి వచ్చేది. నా యాసను వెక్కిరించేది, నేను ఆమె యాసను వెక్కిరించేదాన్ని. ఈ దేశంలో నేను కడుపునిండా నవ్వింది ఆమెతోనే.

ఒకరోజు అడిగాను, నోరు చచ్చిపోయింది యాదమ్మా, నాలుగు చెనిక్కాయ ఉండలు చేసి పెట్టవా అని. మర్నాడే స్టీలు డబ్బా నిండా పల్లి పట్టీలు తెచ్చింది. డబ్బా మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఆమె పేరు.

"గివి నీకే అక్కా. పిల్లకు సూపియ్యకు గూడ. నీ బిడ్డ నాకు గూడ జెప్పింది."

"సర్లేమ్మే, ఏదో నువ్వే డాక్టరమ్మవైనట్టు!" అన్నాను.

ఆమె లోపలి గదిలో బిడ్డకు డైపర్ మారుస్తోంది. నేను వంటింట్లో నిలబడి దొంగలా నములుతున్నాను. పాప వచ్చి నా చీర పట్టుకుని నోరు తెరిచింది. "అమ్మమ్మా, నాకు." గోరంత కొరికి నోట్లో పెట్టాను.

ఎందుకు పెట్టాను? ముద్దొచ్చి పెట్టానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. రుజువు చేయాలనుకున్నాను. సాయంత్రం కూతురు రాగానే, చూడు, తినింది, ఏమైంది, అని అడగాలనుకున్నాను. నువ్వు చదివిన చదువు కంటే నేను తొక్కిన మట్టికి ఎక్కువ తెలుసు అని ఒక్కసారైనా గెలవాలనుకున్నాను. అందుకు మూడేళ్ళ పిల్ల నోరు వాడుకున్నాను.

కాసేపటికే మూతి ఉబ్బింది. కళ్ళు మూసుకుపోయాయి. ఒంటినిండా ఎర్రగా దద్దుర్లు. గొంతులోంచి ఈలలాంటి చప్పుడు! ఫోన్ నా చేతిలోనే ఉంది. నేను నొక్కాను. నూట ఎనిమిది. మా ఊళ్ళో ఎవరికి ఏమైనా నొక్కేది అదే కదా, నొక్కితే కుయ్ కుయ్‌మని బండి వచ్చేది కదా! ఏదో ఇంగ్లీషులో చెప్పి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. పాప ఊపిరి కోసం ఎగపీలుస్తోంది, నేను నూట ఎనిమిదే నొక్కుతున్నాను.

నా అరుపు విని యాదమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఎవ్వలికి జేస్తున్నవే?"

"నూట ఎనిమిదికి! మోగల్యా యాదమ్మా, మోగల్యా!"

"నీ పాడుగాను, గిది మన దేశమా? ఈడ తొమ్మిది ఒకటి ఒకటి! ఇటియ్యి!"

లాక్కుంది. నొక్కింది. స్పీకర్ పెట్టింది. అవతల ఎవరో తెల్ల మనిషి గొంతు. యాదమ్మ ఒకటే కేక, "తెలుగు! బేబీ! తెలుగు!" కాసేపు ఏ చప్పుడూ లేదు. ఫోన్ పెట్టేశారనుకున్నాను. అప్పుడు వచ్చింది చూడండి, వాళ్ళు లైన్లో కలిపిన ఒక ఆడపిల్ల గొంతు, మన తెలుగు!

"అమ్మా, నేను తెలుగులో చెబుతాను. ముందు మీరెక్కడున్నారో చెప్పండి."

"మోరిస్‌విల్ల ఉన్నమమ్మా!"

"ఇంటి అడ్రస్ కావాలి. మీరు సెల్ నుంచి చేశారు, ఏ ఇల్లో వాళ్ళకు సరిగ్గా తెలియడం లేదు."

నేను అరిచాను, "ఇండియన్ స్టోర్ వెనకాల! గుడికి పోయే దోవలో!" మాకు తెలిసిన అడ్రసు అదే. మా ఇద్దరికీ ఆ ఊళ్ళో వీధి పేరు ఎప్పుడూ అవసరం పడలేదు. యాదమ్మ ఒక్క గెంతులో వాకిటి తలుపు తీసింది. బయట నా కూతురి పేర వచ్చిన అట్టపెట్టె పడి ఉంది. దాని మీది చీటీ చూసి ఒక్కో అక్షరం చదవడం మొదలుపెట్టింది.

"టీ... ఆర్... ఈ... గిదేందో మంచం లెక్క ఉన్నది, నడుమ అడ్డం పట్టె, హెచ్చు కావచ్చు..."

ఆ పిల్ల ఒక్కొక్కటీ ఇంగ్లీషులో అవతలికి చెబుతోంది. అక్షరాలు ఆపి అంకెలు చదివింది. బండి బయలుదేరిందని ఆ పిల్ల చెప్పింది. ఏం తిన్నది, అని అడిగింది. యాదమ్మ దాచలేదు. పల్లీలు, అంది. ఇంట్లో ఇంజెక్షన్ పెన్ను ఉందా, అని అడిగింది. ఉంది! ఫ్రిజ్ మీద ఎర్ర సంచిలో! నా కూతురు నాకు చూపించింది, ఎలా పొడవాలో కూడా చూపించింది. నాకేమీ గుర్తు లేదు. సంచి తెచ్చి యాదమ్మ చేతిలో పడేశాను.

"అక్కా, భయపడకు. పిల్ల కాళ్ళు గట్టిగ పట్టుకో." ఎంత నెమ్మదిగా అందో ఆ మాట! ఫోన్‌లో చెప్పినట్టే మూత తీసి, తొడకు బయటి పక్కన పొడిచి, అలాగే పట్టుకుంది.

పాప ఏడ్చింది. ఏడుపు! అబ్బా, ఆ ఏడుపు! నా పెళ్ళిలో సన్నాయి కూడా అంత బాగా వినబడలేదు నాకు.

సైరన్లు, ఎర్ర బండి, బరువు బూట్లు. యాదమ్మ బిడ్డను చంకనేసుకుని మెట్ల మీద నిలబడి ఇటు రండి ఇటు రండని తెలుగులోనే కేకలు వేసింది. ఆంబులెన్స్‌లో నేనెక్కాను. ఆమె ఉండిపోయింది.

ఆస్పత్రిలో పాప తేరుకుంది. కూతురు ఆఫీసు నుంచి ఊడిపడ్డట్టు వచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

"అమ్మా, ఏం పెట్టావ్? నిజం చెప్పు. వాట్ డిడ్ యూ గివ్ హర్?"

నేను కాదు, అన్నాను. నేను బాత్రూంలో ఉన్నాను. యాదమ్మ పెట్టింది.

అంతే. వెతుక్కోలేదు, తడుముకోలేదు. నీళ్ళు పోసినట్టు వచ్చేసింది. అంత సులువుగా వచ్చే అబద్ధం నాలో ముందు నుంచీ ఉండి ఉండాలి.

కూతురు నా ఫోన్ తీసి చూసింది. తొమ్మిది ఒకటి ఒకటికి పోయిన కాల్ కనబడింది. నన్ను గట్టిగా కౌగిలించుకుంది. "నువ్వే కాపాడావమ్మా. నీకు ఇంగ్లీషు రాదు, అయినా చేశావు." నేను కాదనలేదు. నింద ఆమె మీదకు తోశాను, మంచి నా మీద కప్పుకున్నాను. రెండూ ఒక్క పూటలోనే.

ఆ సాయంత్రం కూతురు వాళ్ళింటి ముందుకు పోయి కేకలు వేసింది. యాదమ్మ ఊరుకునే మనిషి కాదు. "అబద్దం! నేనెందుకు పెడ్త? నీ తల్లిని అడుగు!" అని మా వాకిట్లో ఉన్న నా వైపు తిరిగింది. "అక్కా, నోరు తెరువు."

నేను పాప బొంత మడత పెట్టాను. విప్పి మళ్ళీ మడత పెట్టాను.

మేనల్లుడి భార్య భయపడింది. పక్కింటి పిల్లకు అలా పెట్టిన మనిషి మా బిడ్డకు ఏం పెడుతుందో అని. టికెట్ ముందుకు జరిపారు. తనే పెంచిన పిల్లాడు పెట్టె మోసుకుంటూ ముందు నడుస్తుంటే ఆమె వెనక నడిచింది. నేను కిటికీ తెర సందులోంచి చూశాను. కారెక్కబోతూ పైకి, సరిగ్గా నా కిటికీ వైపే చూసింది. నేల మీద ఉమ్మేసి ఎక్కింది. అది నాకు తగిందే. ఆమె ఏడ్చి ఉంటే నేను జాలి పడేదాన్ని, జాలి పడి నన్ను నేను మంచిదాన్ని చేసుకునేదాన్ని. ఆ వీలు ఇవ్వలేదు.

ఆ ఫోన్ మాటలు ఎక్కడో రికార్డై ఉంటాయని అల్లుడు ఒకసారి అన్నాడు. వింటే గొంతు ఎవరిదో తెలిసిపోతుందని ఎన్నాళ్ళో అన్నం సయించలేదు. ఎవరూ వినలేదు. తర్వాత మేనల్లుడి కుటుంబం వేరే రాష్ట్రం వెళ్ళిపోయింది. మేము ఇల్లు కొనుక్కున్నాం. పాప ప్రతి పుట్టినరోజుకీ అల్లుడు కేక్ ముందు నిలబడి, మా అత్తయ్య ఒక్క ఫోన్‌తో ఎలా కాపాడిందో చెబుతాడు. అందరూ చప్పట్లు కొడతారు. నేను తల దించుకుంటాను. ఎంత అణకువో, అనుకుంటారు.

ఇక ఈ మధ్యాహ్నం సంగతి. పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. రేపు క్లాసులో తన హీరో గురించి చెప్పాలట. ఆ హీరో నేనేనట. ఫోన్ ఎదురుగా పెట్టింది, వీడియో తీస్తానని.

"అమ్మమ్మా, నువ్వు నైన్ వన్ వన్‌కి ఏం చెప్పింది, సేమ్ టు సేమ్ చెప్పు. యాక్టింగ్ చేసి!"

చేశాను. ఏమొచ్చిందో నాకు, ఊగిపోతూ చేశాను! తెలుగు, బేబీ, తెలుగు అని అరిచాను. తలుపు దాకా పరుగెత్తాను. మంచం లెక్క ఉన్నదని చదివాను. పాప పగలబడి నవ్వుతోంది. నేను ఆమె యాసలోనే, ఆమె చేతులు ఊపినట్టే ఊపుతూ, పెన్ను పట్టుకున్నట్టు పిడికిలి పట్టి, "అక్కా, భయపడకు. పిల్ల కాళ్ళు గట్టిగ పట్టుకో" అన్నాను.

పాప నవ్వు ఆపింది.

"అక్క ఎవరు? హూ ఈజ్ సేయింగ్ దట్, అమ్మమ్మా?"

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆరేళ్ళు ఆ ఫోన్ దగ్గర రెండో మనిషి లేనట్టే కథ నడిపాను. ఆ మనిషి నా నోట్లోంచే లేచి నిలబడింది. నాకు భయం వేయాలి కదా? వేయలేదు. ఒళ్ళంతా జల్లుమంది, తలుపు బార్లా తెరిచినట్టు.

యాదమ్మ, అన్నాను. ఆ ఫోన్ చేసింది యాదమ్మ. నీకు పల్లీ పెట్టింది నేను.

"డజ్ మామ్ నో?" అంది. తెలియదు, అన్నాను. అది వీడియో ఆపి, పైన తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇంకా దిగి రాలేదు. రేపు క్లాసులో ఏం చెబుతుందో నాకు తెలియదు. నేను అడగను.

నా బట్టల పెట్టె అడుగున, పాత చీరలో చుట్టి దాచిన యాదమ్మ స్టీలు డబ్బా తీశాను. ఎవరి డబ్బా అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదంటారు మన వాళ్ళు. ఏం పోసి ఇవ్వను? ఎక్కడికని ఇవ్వను? ఆ మనిషి ఉందో లేదో కూడా తెలియదు. నేను ఒప్పుకున్నందువల్ల ఆమె కోల్పోయిన ఇల్లు తిరిగి రాదు. మేనల్లుడి ముఖంలో నమ్మకం తిరిగి రాదు. అంత తెలివి నాకుంది. నన్ను మంచిదాన్ననకండి. చెప్పుకున్నానంతే. నాలుక కింద ఇప్పుడేమీ లేదు, అదే వింతగా ఉంది, పన్ను ఊడిన చోట తడుముకున్నట్టు తడుముకుంటున్నాను.

డబ్బా భోజనాల బల్ల మీద పెట్టాను. మూత మీది పేరు తలుపు వైపుకి తిప్పి పెట్టాను.

గ్యారేజ్ తలుపు లేస్తున్న చప్పుడు. నా కూతురు వచ్చింది. దానికి తెలుగు చదవడం బాగా వచ్చు. ముందు ఆ పేరు చదువుతుంది. తర్వాత నేను మాట్లాడతాను.