మిషను పలకరించిన రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై రెండేళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పి చూడండి, మీకూ ఉంటుంది. మా బళ్ళో దానికి భయపడని మనిషి ఒక్క ఆయమ్మే. గంట కొట్టడం, మరుగుదొడ్లు కడగడం, పడి మోకాళ్ళు చెక్కుకున్న పిల్లలకు మందు రాయడం ఆమె పని. షుగరు మనిషి కాబట్టి చక్కెరమ్మ అని మేమంతా ఏడిపిస్తాం. ఆమె చేతిసంచిలో మాత్రలూ, రక్తం చుక్కతో షుగరు చూసే చిన్న మిషనూ ఎప్పుడూ ఉంటాయి. సోమవారం పొద్దున స్టాఫ్‌రూములో వేలు పొడుచుకుంటుంది. అంకె బాగుంటే "పాసయ్యాను టీచరమ్మా!" అని అరుస్తుంది. బాగోకపోతే కిక్కురుమనకుండా మిషను సంచిలో పడేసి చీపురు అందుకుంటుంది.

ఆ నెలంతా నా కోపం వసపిట్ట మీద. ఎనిమిదేళ్ళ పిల్ల, నోరు మూతపడదని నేనే పెట్టిన పేరు. ఉన్నట్టుండి ఆ నోరు మూతపడింది. చిక్కి సగమైంది. నీళ్ళ సీసా మాత్రం వదలదు, పీరియడుకి మూడుసార్లు చిటికెనవేలు చూపిస్తుంది. "పాఠం ఎగ్గొట్టడానికి వేషాలా? కూర్చో" అని కసిరాను. డైరీలో ఎర్రసిరాతో ఫిర్యాదు రాసి పంపాను. "ఒంట్లో వేడి చేసింది టీచర్, గ్లూకోజు నీళ్ళు తాగిస్తున్నాం, దయచేసి బయటికి పంపండి" అని వాళ్ళమ్మ కింద రాసింది. వేడే కదా అని నేనూ వదిలేశాను, విసుక్కుంటూనే బయటికి పంపాను. మనకు నోరు పూసినా వేడే, కళ్ళు మండినా వేడే. ఆ ఒక్క మాట అనుకున్నాక ఇంక డాక్టరుతో పనేముంది!

గురువారం రెండో పీరియడులో ఆయమ్మ తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"టీచరమ్మా, ఒక్కసారి ఇలా రండి."

"పాఠం జరుగుతోంది, కనబడట్లేదా?"

"పాఠం ఎక్కడికీ పారిపోదు. రండి."

ఆడపిల్లల మరుగుదొడ్లలో చివరి గదికి తీసుకెళ్ళింది. గోడవార నల్లచీమలు బారులు తీరి ఉన్నాయి. "ఫినాయిలు పొయ్యక నన్ను పిలుస్తావేంటి!" అన్నాను.

"మూడు రోజుల నుంచీ పోస్తూనే ఉన్నా. మిగతా గదులకు రావు, దీనికే వస్తున్నాయి. ఇందులోకి మాటిమాటికీ వచ్చేది మీ వసపిట్ట. మీరు తిడతారని నీళ్ళు కూడా పొయ్యకుండా పరిగెడుతుంది." ఆమె గొంతు తగ్గించింది. "మా ఆయన ఒంటికి వెళ్ళిన చోటా ఇలాగే చీమలు పట్టేవమ్మా. వేడి అన్నాం, చలవ చేసేవన్నీ తాగించాం. కాలివేలికి పుండు లేచి, కాలు తీసేశాక గానీ షుగరని తెలీలేదు. ఆర్నెల్లు కూడా బతకలేదు."

"చిన్నపిల్లకి షుగరేంటి ఆయమ్మా, నీ చాదస్తం కాకపోతే!"

"నాకు తెలీదు. చీమలకు తెలుసు."

విసుక్కుంటూ తరగతికి వచ్చేసరికి వసపిట్ట బల్ల మీద తల వాల్చి ఉంది. పక్కన వాంతి. కడుపు నొప్పి అంది, అంతే, మళ్ళీ మాట లేదు. ఇద్దరం కలిసి స్టాఫ్‌రూముకు మోసుకొచ్చాం. ఆయమ్మ కొత్త సూది తీసి వేలు పొడిచింది. పిల్ల ఉలిక్కిపడను కూడా లేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

మిషను మీద అంకె రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, హెచ్, ఐ.

"నాకు అంకెలే వస్తాయి. ఏం రాసుంది టీచరమ్మా?"

"హాయ్ అని ఉంది."

"హాయా?"

"పలకరిస్తోంది. ఫోన్లు తెరవగానే పలకరించవూ, అలాగే. కాసేపు ఆగు, అంకె వస్తుంది."

ఆగాం. మిషను తనంతట తానే ఆరిపోయింది. మళ్ళీ పొడిచాం, మళ్ళీ హాయ్. బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నాను. పిల్ల పడుకునే ఉంది, ఊపిరి మాత్రం పరుగు పందెం నుంచి వచ్చినట్టు లోతుగా, బరువుగా లాగుతోంది. దగ్గరకు వంగితే బాగా మగ్గిన పండు వాసన. ఆయమ్మ ఇంక నా మాట వినలేదు. ఆస్పత్రిలో తనకు తెలిసిన నర్సుకు ఫోను కొట్టింది. అవతల ఆమె అరిచిన అరుపు నాకే వినబడింది.

"హాయ్ కాదమ్మా, హై! మిషను లెక్కకు అందనంత షుగరు ఉంది! తీపి చుక్క కూడా పట్టకుండా వెంటనే తీసుకురండి!"

ఇరవై నిమిషాలు పోగొట్టాను. ఆ తరగతికి ఇంగ్లీషు చెప్పేదాన్ని కూడా నేనే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసే అని ఉంటారు.

ఆటోలో పిల్ల ఆయమ్మ ఒళ్ళో ఉంది. "నిద్రపోకే బంగారుతల్లీ, కళ్ళు తెరువు" అంటూ ఆమె బుగ్గలు తడుతూనే ఉంది. నేను నర్సు మాటనే గొణుక్కుంటూ కూర్చున్నాను. ఆస్పత్రిలో చేతికి సెలైను పెట్టి, ఇన్సులిన్ ఎక్కించడం మొదలెట్టారు. పిల్లల్లో ఒక్కోసారి ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోతుందని డాక్టరు చెప్పాడు. అది లేకపోతే రక్తంలో ఎంత చక్కెర ఉన్నా ఒంటికి అందదట. ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుంటుంది, దాంతో రక్తం పుల్లబడుతుంది. తీపి తిన్నందుకు వచ్చేది కాదు, ఎవరి తప్పూ కాదు అన్నాడు. "రేపటిదాకా ఏమీ చెప్పలేను" అని కూడా అన్నాడు.

బట్టల మిల్లు నుంచి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. "నా చేత్తో నేనే తాగించాను టీచర్" అని తల బాదుకుంది. నేను దాచుకోలేకపోయాను. "బయటికి వెళ్తానంటే మొదట్లో పంపలేదమ్మా. మిషను పలకరిస్తోందని ఇరవై నిమిషాలు ఆపింది కూడా నేనే" అని చెప్పేశాను. ఆమె లేచి వెళ్ళి ఆయమ్మకు అవతలి పక్కన కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల కళ్ళు తెరిచింది. నాలుగో రోజు, రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ సూది వెయ్యడం వాళ్ళమ్మకు నేర్పుతానని ఆయమ్మకు తెలిసిన ఆ నర్సే వచ్చింది. వసపిట్ట మంచం మూలకు ముడుచుకుపోయి ఏడుపు లంకించుకుంది.

"రోజుకు నాలుగుసార్లా? ఎన్నాళ్ళు?"

"దోమ కుట్టినట్టుంటుందే తల్లీ, అంతే" అంది ఆయమ్మ.

నర్సుకు ఒళ్ళు మండినట్టుంది. "అంత చిన్నదైతే మీరెందుకు మొదలెట్టలేదమ్మా? మాత్రలు చాలట్లేదు, సూది వేసుకోవాలని డాక్టరుగారు చీటీ రాసిచ్చి ఏడాదైంది."

నేను తెల్లబోయాను. ఆయమ్మ తల దించుకుంది. "సూది దాకా వచ్చిందంటే ఇంక ఆఖరేనంటారు కదమ్మా..." అని గొణిగింది.

పిల్ల ఏడుపు టక్కున ఆగింది.

"అంటే నేను చచ్చిపోతానా ఆయమ్మా?"

ఆయమ్మ సంచి అడుగు నుంచి నలిగిన చీటీ తీసి నర్సు చేతిలో పెట్టింది. "డాక్టరుగారిని అడగండి. నాకు ఇవాళే మొదలెట్టమనండి."

డాక్టరు ఆమెకు పరీక్షలు చేయించి, కొత్త చీటీ రాశాడు. సాయంత్రం భోజనానికి ముందు నర్సు రెండు సూదులు తెచ్చింది. ఆయమ్మ మంచం మీద పిల్ల పక్కనే కూర్చుని పొట్ట మీద బట్ట తప్పించింది.

"ముందు నేను. కళ్ళు మూసుకోకుండా చూడు, నేను చస్తానేమో."

పిల్ల రెప్ప వెయ్యకుండా చూసింది. సూది దిగింది, బయటికి వచ్చింది.

"నొప్పా?"

"నొప్పే."

"భయమేసిందా?"

"ఏడాది నుంచీ వేస్తూనే ఉందే."

వసపిట్ట తన చొక్కా అంచు తనే పైకెత్తి పట్టుకుంది. వాళ్ళమ్మ రెండో సూది అందుకుంది.