అన్నయ్య వీపు

"బాత్రూముకెలా వెళ్తావు?"

అద్దెకు గది అడగడానికి వచ్చిన మనిషిని ఇంటావిడ అడిగిన మొదటి మాట ఇది. పేరడగలేదు, ఏం పని చేస్తావని అడగలేదు, కూర్చోమనలేదు. కూర్చోమనే పని లేదనుకోండి, వచ్చినావిడ చక్రాల కుర్చీలోనే ఉంది.

"చేతుల మీద జరుగుతూ వెళ్తాను. తలుపు వెడల్పు ముప్పై అంగుళాలుంటే కుర్చీతో. లేకపోతే కుర్చీ లేకుండా."

"ఇరవై ఎనిమిది."

"అయితే లేకుండా."

ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చి కాళ్ళు పడిపోయాయి. ఇప్పుడు నలభై ఒకటి. ఈ ముప్పై అయిదేళ్ళలో జనం ఆమెను అడిగినవన్నీ కలిపితే ఒక లావుపాటి పుస్తకమవుతుంది. పాపం ఎలా జరిగింది, మందులు వాడారా, రాత్రిళ్ళు ఏడుపొస్తుందా. జవాబు అవసరమై అడిగిన ప్రశ్న మాత్రం ఇదొక్కటే. అందుకే ఆమెకు కోపం రాలేదు. కోపం రాకపోవడం ఆమె విషయంలో చెప్పుకోదగ్గ సంగతి. ఆమె పనిచేసే బైండింగు షాపులో అందరూ ఆమెను "సూది" అంటారు. పుస్తకాల ఫారాలు కుట్టేది ఆమే కాబట్టి అన్నారో, నోటిని బట్టి అన్నారో ఎవరూ విడమర్చి చెప్పలేదు.

ఇంటావిడ రిటైరైన నర్సు. వీధికంతా నర్సమ్మగారు. ఆవిడ అద్దెకిచ్చే గది కింది అంతస్తులో ఉంది. వీధి నుంచి గుమ్మం దాకా ఒక్క మెట్టు కూడా లేదు. సూదికి కావలసింది అంతే.

"మీ అన్న నిన్ను రోజూ వీపున వేసుకుని దింపుతాడటగా?" అంది నర్సమ్మ. "వీధంతా చెప్పుకుంటారు. ఇక్కడికొస్తే ఎవరు మోస్తారు? నేనా? నలభయ్యేళ్ళు ఆస్పత్రిలో మోసి మోసి నా మోకాళ్ళు పోయాయి. నా నెత్తిన కుంపటి పెట్టకు."

"ఎవరూ మోయక్కర్లేదు."

"అందరూ అలాగే అంటారు. ఆదివారం దర్జీ ఒకడు అడ్వాన్సు పట్టుకొస్తానన్నాడు. పదింటికల్లా నీ గుమ్మం నుంచి నా గుమ్మానికి నీ అంతట నువ్వే రా. పది దాటితే అతనికిస్తా. మీ అన్న వీపు మీద వచ్చావా, తలుపు తీయను."

ఇందులో దయ ఏమీ లేదు. ఆవిడకు కావలసింది తలనొప్పి లేని అద్దె. సూదికీ దయ అక్కర్లేదు.

అన్నయ్య ఇల్లు రెండో అంతస్తులో. మధ్యలో ముప్పై ఎనిమిది మెట్లు. చక్రాల కుర్చీ మెట్ల కింద ఉంటుంది. అక్కణ్ణుంచి షాపుకి ఆమె తనే తోసుకెళ్తుంది, తనే తోసుకొస్తుంది. అంటే రోజు మొత్తంలో ఆమెకు మరో మనిషి కావలసింది ఆ మెట్ల దగ్గరే. కానీ ఆ మెట్లు చాలు, మనిషిని కట్టెయ్యడానికి. పొద్దున్న అన్నయ్య లేచినప్పుడే ఆమె దిగాలి. సాయంత్రం అతను కబుర్లు ముగించి వచ్చేదాకా మెట్ల కిందే కాచుకోవాలి. దిగడమైనా వీధి మేలుకున్నాకే. ఎదురింటి కిటికీ తెరుచుకోకపోతే అతను మొదటి మెట్టు మీదే కాసేపు దగ్గేవాడు.

"దేవుడులాంటి మనిషి" అనేవారు వీధిలో. దేవుడికి కొట్టువాడు అప్పు రాసుకునేవాడు, హోటలువాడు రేపిద్దురులెండి అనేవాడు. పోయినేడు కాలనీ సంఘంవాళ్ళు అతనికి "ఆదర్శ సోదరుడు" అని ప్రశంసాపత్రం ఇచ్చారు. దాని ఎర్ర క్యాలికో గుడ్డ అట్ట సూది పనిచేసే షాపుకే వచ్చింది. అంచులు మడిచి జిగురు పెట్టింది ఆమే. మోసినవాడికి పత్రమిచ్చారు, మోయించుకున్నదాన్ని వేదిక దగ్గరికి కూడా పిలవలేదు. పిలిస్తే ఏం మాట్లాడేదో వాళ్ళకు తెలుసేమో.

శుక్రవారం ఆమె షాపు ఓనరు దగ్గరికెళ్ళి, గదికని నెల జీతం అడ్వాన్సు అడిగింది.

"ఇంకా అడ్వాన్సా?" అన్నాడు ఓనరు. "మీ అన్నయ్య నీ కాళ్ళ ఆపరేషనుకని పోయినేడు పట్టుకెళ్ళాడుగా. వారం వారం నీ జీతంలో కోస్తూనే ఉన్నాం."

"ఏ ఆపరేషను?"

ఓనరు ఆమె కాళ్ళకేసి చూశాడు. వాటికి ఏ ఆపరేషనూ జరగలేదని అప్పుడు తట్టింది అతనికి.

ప్రతి శనివారం ఆమె జీతం అన్నయ్యే తీసుకునేవాడు. ఒంటరి ఆడమనిషి, దారిలో ఎవడైనా లాక్కుంటే? అందుకని. కోత సంగతి ఆమె చెవిన పడలేదు. ఓనరు తీసి చూపించిన కాగితం మీద ఆమె సంతకం ఉంది, ఆమె పెట్టనిది.

"ఇప్పుడు పోలీసులూ గీలీసులూ అంటావా?" అన్నాడు ఓనరు, గొంతు తగ్గించి.

ఆమె ఆలోచించింది. గొడవ పెట్టుకుంటే ముందు పోయేది తన పని. ఇక అన్నయ్యని స్టేషనుకి లాగితే వీధికతను మళ్ళీ దేవుడైపోతాడు, ఈసారి చెల్లెలి చేతిలో దెబ్బతిన్న దేవుడు. "కోసుకోండి" అంది. "కానీ రేపట్నుంచి మిగిలింది నా చేతికివ్వండి. ఆయన వస్తే లేదనండి."

శనివారం సాయంత్రం అన్నయ్య ఉత్త చేతులతో షాపు నుంచి తిరిగొచ్చాడు. చెల్లెల్ని పైకి మోసుకొచ్చి దింపాక అడిగాడు.

"గది చూసుకున్నావటగా?"

"చూసుకున్నా."

"మనింట్లో గదుల్లేవా?"

"ఉన్నాయి. మెట్ల పైన."

"నేను మోయట్లేదూ? ఏనాడైనా బరువన్నానా?"

"నాతో అనలేదు. వీధిలో అందరితో చెప్పావు."

వదిన గిన్నె టక్కున కింద పెట్టింది. "చూశారా ఆ మాట! ఇంత చేసినందుకు! రేపు మనం వీధిలో తలెత్తుకు తిరగక్కర్లేదూ?"

"తలెత్తుకునే తిరుగు వదినా. అప్పులవాళ్ళు ఎదురొస్తే దించుకుందువుగాని."

చెల్లెలు మొండిదని అన్నయ్యకి తెలుసు. మెట్లు ఎన్నో కూడా తెలుసు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికే పేపరు చంకన పెట్టుకుని హోటలుకి వెళ్ళిపోయాడు.

అతనికి తెలియనిది ఒకటుంది. నెల రోజులుగా సూది షాపులో మిగిలిన తోలు ముక్కలు ఏరి, మూడు పొరలు వేసి, మైనం రుద్దిన దారంతో కుట్టింది. చట్టం పుస్తకాల వీపులకి వేసే కుట్టే. నడుముకి కట్టుకునే తోలు పీట అన్నమాట. తొమ్మిదికి పావు తక్కువలో దాన్ని బిగించి, వీధి తలుపు తీసి, మొదటి మెట్టు మీద కూర్చుంది. రెండు చేతులూ ఆనించి, ఒళ్ళు లేపి, దిగింది. కాళ్ళు లాక్కుని మళ్ళీ దిగింది.

మొదటి అంతస్తు దగ్గర తలుపు తెరుచుకుని, అక్కడుండే ఆవిడ బయటికొచ్చింది.

"అయ్యయ్యో, ఇదేం ఖర్మమ్మా! అన్నయ్య ఏడీ? ఆయన పరువు తీస్తున్నావే!"

"పరువు మెట్ల మీద పెట్టుకుంటే నేనేం చెయ్యనండీ. జరగండి, దారి కావాలి."

ఆవిడ మొగుడు, పింఛను తీసుకునే గుమాస్తా, అడక్కుండానే వంగి ఆమె చంకలో చెయ్యి వేసి పైకి లాగాడు. ఆనించిన చెయ్యి జారి ఆమె పక్కకి ఒరిగింది. కాస్తయితే పది మెట్లు దొర్లేది.

"చెయ్యి తియ్యండి!"

"సాయం చేస్తుంటే అరుస్తావేం?"

"చంపుతుంటే అరవనా?"

అతను చెయ్యి తీశాడు. ఇప్పటికీ ఆ కథ చెప్పేటప్పుడు అతను సాయం చేశాడు, సూది కరిచింది.

కిందికి చేరేసరికి తొమ్మిదింబావు. కుర్చీ ఉంది. దాన్ని మెట్ల రెయిలింగుకి గొలుసుతో కట్టి తాళం వేసి ఉంది. ఎప్పుడూ లేని తాళం.

అక్కడే బల్ల వేసుకున్న ఇస్త్రీ ఆయన ఆమె వంక చూడకుండా చొక్కా మడతపెట్టాడు. "దొంగలు తిరుగుతున్నారని అన్నయ్యగారే వేశారమ్మా. వస్తారుగా, ఆగండి."

ఆమె దగ్గరికి జరిగి గొలుసు చూసింది. అన్నయ్య ఆ కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు, దాన్ని సరిగ్గా చూసీ ఉండడు. గొలుసు చక్రంలోంచి కాదు, పాదాలు పెట్టుకునే పలకలోంచి దూర్చాడు. పలకకి రెండే బోల్టులు. పుస్తకాల ప్రెస్సు బిగించే పానా ఆమె చేతిసంచీలో ఉంది. షాపులో వదిలితే అట్టలు కోసేవాడు ఎత్తుకుపోతాడని రోజూ ఇంటికి తెచ్చుకుంటుంది. ఒక బోల్టు వెంటనే వచ్చింది. తుప్పు పట్టిన రెండోది పదిహేను నిమిషాలు తినేసింది. పలక గొలుసుకి వేలాడింది, కుర్చీ బయటికొచ్చింది. ఆమె చేతుల మీద లేచి అందులోకెక్కి, కింద ఈడ్చుకోకుండా పాదాలను బైండింగు నాడాతో సీటుకి కట్టేసింది.

వీధి మలుపులో అన్నయ్య ఎదురయ్యాడు, ఇద్దరు స్నేహితులతో. కుర్చీని చూసి ఆగాడు. తర్వాత చుట్టూ చూశాడు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. అతను గబగబా వచ్చి కుర్చీకి అడ్డంగా, వీపు ఆమెకేసి తిప్పి, గొంతుక్కూర్చున్నాడు.

"ఎక్కవే. ఎక్కడికంటే అక్కడికి నేనే తీసుకెళ్తా. ఎక్కు."

"చూశారా, ఎంత ఓపికో!" అన్నాడు ఒక స్నేహితుడు.

ఆ వీపు ఆమెకు బాగా తెలుసు. చొక్కా ఎక్కడ చిరిగితే ఎక్కడ కుట్టిందో కూడా తెలుసు. "ఆపరేషనయ్యింది కదన్నయ్యా" అంది, అందరికీ వినబడేలా. "ఇంక మోయక్కర్లేదు. ఓనరుగారు చెప్పలేదూ?"

కుడి చక్రం పట్టి తిప్పి, అతని పక్కనుంచి వెళ్ళిపోయింది. అన్నయ్య కాసేపు అలాగే గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేవాలంటే ఎవరి ముఖమో ఒకరిది చూడాలి మరి.

నర్సమ్మ గోడగడియారం చూసింది. "తొమ్మిదీ యాభై రెండు." తోలు పీట చూసింది, కట్టేసిన పాదాలు చూసింది, మెచ్చుకోలేదు. "పడితే నన్ను పిలవకు" అని తాళంచెవి ఒళ్ళో పడేసింది. "అద్దె వారానికోసారి."

ఆ వీధి ఆమెను ఇంకా క్షమించలేదు. విశ్వాసం లేనిదంటారు. వదిన ఎదురైతే పక్కకి తిరుగుతుంది. అన్నయ్యకి కొట్టువాడు అప్పు రాయడం మానేశాడని వినికిడి. పలక ఇంకా గొలుసుకే వేలాడుతోంది. క్షమాపణ అడిగితే తాళం తీస్తానని అన్నయ్య కబురంపాడు. ఆమె షాపులో మిగిలిన దళసరి అట్టతో ఇంకో పలక చేసుకుంది.

ఆపరేషను పేరుతో తీసుకున్న అప్పుకి ఆమె జీతంలోంచి ఇంకా పంతొమ్మిది వారాల కోత మిగిలి ఉంది.