డెర్బీలో ఒక్కతే ఆడది

మా బాపు నన్ను పేరు పెట్టి పిలిచిన సందర్భాలు చాలా తక్కువ. నేను ‘ఏయ్’, అమ్మ ‘ఓయ్’. ఇంట్లో ఉన్నది ఇద్దరమే కాబట్టి పెద్దగా ఇబ్బంది రాలేదు. అలాంటి మనిషి మలక్‌పేట రేసు గుర్రాల షెడ్డులో ఒక ఆడ గుర్రాన్ని నోరారా ‘బేటీ’ అని పిలుస్తున్నాడని తెలిసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫై దాటిన దాన్ని, కరెంటాఫీసులో ఉద్యోగం చేసేదాన్ని, గుర్రం మీద కుళ్లుకోవడం బాగుండదని తెలుసు. అయినా కుళ్లుకున్నాను.

బాపు సైసు. గుర్రాన్ని కడగడం, తోమడం, మేత పెట్టడం, కాళ్లకు పట్టీలు చుట్టడం, పందెం రోజు పగ్గం పట్టుకొని మైదానం దాకా నడిపించడం ఆయన పని. దాని మీద ఎక్కేది మాత్రం వేరేవాళ్లు. జహనుమాలోని మా రెండు గదుల ఇంట్లో నుంచి తెల్లారకముందే స్కూటర్ తీసి వెళ్లిపోయేవాడు. అమ్మ లాడ్ బజార్ దుకాణాల కోసం లక్క గాజుల మీద రాళ్లు అతికే పని చేసేది. ఒక గదిలో లక్క వాసన, ఒక గదిలో గుర్రపు లద్దె వాసన. వాటి మీద నేను సెంటు కొట్టుకొని ఆఫీసుకు పోయేదాన్ని. బస్సులో పక్క సీటు ఎప్పుడూ తొందరగా ఖాళీ అయ్యేది.

ఆ ఆడ గుర్రం రెండేళ్లు నిండకముందే బాపు చేతికి వచ్చింది. ఎర్రమట్టి రంగు, నుదుటి మీద చిన్న తెల్ల మచ్చ. రేసు పుస్తకంలో దానికి బారెడు ఇంగ్లీషు పేరు ఉండేది. ఆ పేరు పలకలేక బేటీ అంటున్నానని బాపు సర్దిచెప్పేవాడు. నా పేరు రెండక్షరాలే, దానికేం అడ్డొచ్చిందో అడగాలనిపించేది.

పొద్దున పరుగు అయ్యాక బాపు మైదానం కంచె దగ్గర నిలబడి భుజం మీది పసుపు రంగు తువ్వాలు తీసి ఊపేవాడు. అది కనబడగానే గుర్రం పరుగు తగ్గించి, మీద ఎక్కినవాడు ఏమన్నా పట్టించుకోకుండా, నేరుగా బాపు దగ్గరికి వచ్చి బెల్లం ముక్క అందుకునేది. గుర్రాన్ని అలా అలవాటు చేయొద్దని ట్రైనర్ ఒకటి రెండుసార్లు తిట్టాడట. బాపు తల ఊపి, మర్నాడు మళ్లీ తువ్వాలు ఊపేవాడు. అమ్మ ఇదంతా విని, పెళ్లయిన కొత్తలో కూడా తనకు ఇంత మర్యాద జరగలేదని, తెల్లారి లేస్తే సవతి ముఖం చూడ్డానికే పోతాడని అనేది.

అది మూడేళ్ల వయసులో డెర్బీకి ఎక్కింది. డెర్బీ అంటే మూడేళ్ల గుర్రాల పందెం. ఏ గుర్రానికైనా బతుకులో ఒక్కసారే అవకాశం. మామూలుగా ఆడ గుర్రాలకు వేరే పందేలు ఉంటాయి. డెర్బీలో మగవాటితో కలిసి ఉరకొచ్చు కానీ చాలామంది యజమానులు తెగించరు. ఆ ఏడాది పేర్లు బయటికి వచ్చేసరికి అన్నీ మగవే, మాది ఒక్కతే ఆడది.

మా ఇంట్లో లొల్లి మొదలైంది. ఆడ గుర్రానికి జాకీతో కలిపి మోసే బరువులో కిలోన్నర తగ్గిస్తారని బాపు అమ్మకు గొప్పగా చెప్పాడు. అమ్మ గాజు మీద నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

“ఈ ఇంట్ల నాకెన్ని కిలోలు తగ్గించిండ్రు?”

బాపు స్కూటర్ తుడవడానికి వెళ్లిపోయాడు. పొద్దున్నే తుడిచిన స్కూటరే.

మా సెక్షన్ సూపరింటెండెంటుది రాజమండ్రి వైపు. నెమ్మదైన మనిషే కానీ డెర్బీ దగ్గరపడితే ఆయన చేతికి ఫైలు అంటదు. మీ నాన్నగారు ఏమంటున్నారండీ అని నన్ను టీ తాగనిచ్చేవాడు కాదు. మా గుర్రమే గెలుస్తుందని చెప్పాను. తను డబ్బు కాసేది ఒక మగ గుర్రం మీదని చెప్పి, ఆయన జాలిగా చూశాడు. ఆడ గుర్రాలు మొదట బాగానే ఉరుకుతాయి కానీ చివర్లో గుండె చాలదండీ అన్నాడు. మెట్లెక్కి మూడో అంతస్తుకు వచ్చేసరికి తన గుండే చాలక గోడ పట్టుకొని నిలబడే మనిషి ఆయన.

ఇదంతా సరదాగా ఉండగానే బాపు ఒక మాట చెప్పాడు. గుర్రం యజమాని సేఠ్ లెక్క తేల్చేశాడట. మొదటి మూడింట్లో వస్తే దాన్ని గుర్రాల ఫారానికి పంపుతాడు. పచ్చిక, నీడ, విశాలమైన చోటు, ముందు ముందు పిల్లలు. రాకపోతే అమ్మేస్తాడు. కొనేవాడు కూడా సిద్ధం. కిషన్‌బాగ్‌లో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన అప్పుడే వచ్చి దాని పళ్లు, కాళ్లు చూసి పోయాడు. ఊరేగింపుల్లో పెళ్లికొడుకును ఆడ గుర్రం మీదే ఎక్కిస్తారు, అది ఆనవాయితీ. మాది తెల్లది కానందుకు ఆయన కొంచెం మూతి విరిచాడట గానీ, మీద జరీ గుడ్డ కప్పితే రంగు ఎవరు చూస్తారన్నాడట.

బాపు దృష్టిలో పెళ్లి గుర్రాల వాళ్లు మనుషులు కారు. గుర్రం చెవి పక్కన బ్యాండు, కాళ్ల కింద పటాకులు, ముందర తాగి ఊగే బావమరుదులు. అది చూసినప్పుడల్లా రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని ముద్ద ఎత్తలేదు. అప్పటిదాకా సవతి అన్న అమ్మ ఆయన కంచం వైపు చూసి, నెమ్మదిగా అంది.

“గెలిస్తె పిల్లల్ని కనాలె. ఓడితె పెండ్లికొడుకులను మొయ్యాలె. గుర్రమై పుట్టినా ఇదేనా?”

బాపు కంచం పక్కకు జరిపి లేచాడు.  నా కుళ్లు ఆ రోజుతో పోయింది. అది గెలవాలని నేను మొక్కని దేవుడు లేడు, అందులో సగం మందికి గుర్రపు పందేల గురించి ఏం తెలుసునో నాకు అనుమానమే.

డెర్బీ రోజు బాపు మమ్మల్ని మొదటిసారి మైదానానికి రమ్మన్నాడు. అమ్మ పెళ్లికి వెళ్లినట్టు పట్టుచీర కట్టింది. టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లను చూసి, ఇంత ఎండలో గంపలు నెత్తిన పెట్టుకున్నారేమే అని నన్ను అడిగింది. బాపు గుర్రాన్ని తిప్పి చూపించి, జాకీ ఎక్కాక మైదానంలోకి వదిలేసి, మా పక్కకు వచ్చి కంచె పట్టుకున్నాడు. ఇక సైసుకు పని లేదు. ఆయన చేతులు మాత్రం ఊరుకోలేదు, కంచెను తోముతూనే ఉన్నాయి.

గేట్లు తెరుచుకున్నాయి. అవతలి వైపు ఉన్నంతసేపు నాకు దుమ్ము తప్ప ఏమీ అర్థం కాలేదు. మలుపు దగ్గర జనం లేచి అరిచారు. మగ గుర్రాల గుంపులో నుంచి ఎర్రమట్టి రంగు ఒకటి పక్కకు జరిగి, ఒక్కొక్కదాన్నే దాటుకుంటూ ముందుకు వచ్చింది. మాదే. ఆఖరి మలుపు తిరిగేసరికి అన్నిటికంటే ముందుంది. అమ్మ చెప్పులు ఎక్కడ వదిలిందో, కంచె మీదికి ఎక్కి నిలబడింది. నా గొంతు నాది కాదన్నట్టు అరుస్తున్నాను.

బాపు అరవలేదు. ఆయన ముఖం వెలిగిపోతోంది. కళ్లలో నీళ్లు. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. భుజం మీది తువ్వాలు తీసి, తల మీదుగా ఎత్తి ఊపాడు.

అది చెవులు నిక్కబొడిచింది. నేను చూశాను. పరుగులో చిన్న తడబాటు. తల మా వైపు తిరిగింది. జాకీ దాన్ని మళ్లీ దారిలోకి తెచ్చుకునేలోపు ఒక మగ గుర్రం దాటింది, ఇంకొకటి దాటింది, గీత దగ్గర మూడోది కూడా ముక్కు ముందుకు పెట్టింది. మాది నాలుగోది.

బాపు తువ్వాలు కింద పడేసి అక్కడే కూలబడ్డాడు.

తర్వాత ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. దూరం ఎక్కువైందని ట్రైనర్, అలిసిపోయిందని జాకీ. నిజంగా తువ్వాలు చూసే తగ్గిందో, ఊపిరి అందకే తగ్గిందో దానికే తెలియాలి. బాపు మాత్రం నేనే ఓడగొట్టిన అని గోడకు చెప్పుకునేవాడు. అమ్మ ఆయన్ను ఓదార్చే పద్ధతి వేరు. అంత దుమ్ములో దానికి నీ తువ్వాలు కనబడ్డదా, అద్దాలు పెట్టుకోకపోతే నీకు పెళ్లామే కనబడదు అని తిట్టింది. ఆఫీసులో సూపరింటెండెంటు నా టేబుల్ దగ్గరికి వచ్చి, నేను చెప్పానా అండీ, చివర్లో గుండె చాలదు అన్నాడు. మీ మగ గుర్రం ఎన్నోది వచ్చింది సార్ అని అడిగాను. ఆయన కాసేపు ఫ్యాను చూశాడు. చివరిదండీ అన్నాడు. దాని గుండెకు ఏమైందో అడుగుదామనుకున్నాను కానీ, సెలవు చీటీ మీద సంతకం ఆయనే పెట్టాలి.

గుర్రాన్ని కిషన్‌బాగ్‌కు తీసుకుపోయిన రోజు బాపు షెడ్డుకు వెళ్లలేదు. ఆ తర్వాత వెళ్లాడు గానీ, వేరే గుర్రాన్ని ఇస్తే తోమి, కట్టేసి, మాట్లాడకుండా ఇంటికి వచ్చేవాడు. కిషన్‌బాగ్ దారి మీద స్కూటర్ కూడా నడపలేదు. నన్నైతే ఏయ్ అనడం కూడా మానేశాడు. ఆ పిలుపు కోసం ఎదురుచూస్తానని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఒకరోజు అమ్మ గాజులు ఇచ్చి వస్తానని లాడ్ బజార్‌కు బయలుదేరింది. వచ్చేసరికి చీరకు గడ్డి అంటుకొని ఉంది. లాడ్ బజార్‌లో గడ్డి ఎక్కడిది అని నేను అడగలేదు. ఆమె నేరుగా బాపు ముందు నిలబడింది. దాన్ని ఒక టైర్ల దుకాణం పక్కన ఎండలో కట్టేశారని, బ్యాండు వినబడితే చాలు వణుకుతోందని, మొన్న ఒక ఊరేగింపులో పటాకులకు బెదిరితే కర్రతో కొట్టారని చెప్పింది. బాపు చెవులు మూసుకున్నాడు. అమ్మ ఆ చేతులు పట్టి కిందికి లాగింది.

“నువ్వు చూడకుంటె దానికి దెబ్బ తగులదా? పో. ఆడ ఎవడో ఒకడు పగ్గం పట్టాలె గద. ఆ ఒకడివి నువ్వే కారాదు.”

బాపు ఆమె ముఖం చూశాడు. పెళ్లి గుర్రాల పనంటే ఆయనకు ఎంత రోతో అమ్మకు తెలుసు. తెలిసే అంది.

ఉద్యోగ విరమణకు ఇంకా గడువు ఉండగానే బాపు రేసు పని మానేసి కిషన్‌బాగ్ వెళ్లాడు. తాను తప్ప ఎవరూ పగ్గం పట్టకూడదని, దగ్గర్లో పటాకులు కాల్చకూడదని, పగలు నీడలో కట్టాలని అడిగాడట. పెళ్లి గుర్రాలాయన అన్నిటికీ ఒప్పుకొని తన తరఫున ఒక్కటే అడిగాడు. ఊరేగింపులో అందరిలాగే వేషం వేయాలి. ఎర్ర కోటు, బంగారు రంగు తలపాగా, మెడలో గాజు ముత్యాల దండ. ఆ వేషాన్ని ఇంటికి తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ కోటును అటూ ఇటూ తిప్పి చూసి, పెళ్లిరోజున కూడా ఇంత మంచి బట్ట కట్టలేదుపో అంది. చినిగిన చంకలో కుట్లు వేసి ఇచ్చింది. తలపాగాలో ఊడిపోయిన రాళ్లను లక్కతో తనే అతికింది.

మొదటి ఊరేగింపు ఫలక్‌నుమా వైపు ఒక ఫంక్షన్ హాలుకు. సాయంత్రం నేనూ అమ్మా పిలవని పేరంటానికి వెళ్లాం. దూరం నుంచి బాపును గుర్తుపట్టలేదు. తలపాగా చెవుల మీదికి జారింది, కోటు చేతులు పొట్టి. ఇన్నేళ్లు రోడ్డు దాటి అవతలికి నడిచిన మనిషి, బ్యాండు మధ్యలో నడుస్తున్నాడు. ఒక చేతిలో పగ్గం. రెండో చెయ్యి గుర్రం మెడ మీద. అది వణుకుతోంది, కానీ నడుస్తోంది. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత నవ్వుతూనే ఏడ్చాను. అమ్మ నా వైపు చూడలేదు. ఆమె పని ఆమెకుంది, ముక్కు చీదుకుంటోంది.

వీడియో తీసే అతను బ్యాండును ఆపించి బాపు దగ్గరికి వచ్చాడు. ఇది రేసు గుర్రమని పెళ్లివారికి ఎవరో చెప్పారట. రోడ్డు ఖాళీ చేయిస్తామని, పెళ్లికొడుకు గట్టిగా పట్టుకుంటాడని, ఒక్కసారి ఉరికిస్తే రీల్ మస్తుగా వస్తుందని బతిమాలాడు. జనం ఈలలు వేశారు. పెళ్లికొడుకు మాత్రం పైన కూర్చొని, నన్ను ఎవరూ అడగరేంటన్నట్టు చూస్తున్నాడు.

బాపు పగ్గాన్ని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

“ఇది మగ గుర్రాలన్నిటితోని ఉరికింది బాబూ. ఇగ నడుస్తది. నీకంత తొందరుంటె నువ్వు ఉరుకు.”