నాయన పరుపులో కాక

దయ్యాల మాటెత్తితే నాకు భయం కాదు, విసుగొస్తుంది. ఇప్పటికీ అంతే. అయినా ఇది జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఎనభైల మధ్యలో నేను బెంగళూరులో పరిశోధన చేసేవాణ్ణి. దూరపు గెలాక్సీల్లో కొత్త నక్షత్రాలు ధూళి మేఘాల లోపల పుడతాయి. వాటి వెలుగును ఆ ధూళే మింగేస్తుంది. కానీ చుట్టూ కాగిన హైడ్రోజన్ నుంచి వెలువడే పరారుణ గీతలు, కంటికి కనబడకపోయినా, ధూళిని దాటుకుని వస్తాయి. గీత ఎంత బలంగా ఉంటే లోపల అంత ఎక్కువగా నక్షత్రాలు పుడుతున్నట్టు. ఆ గీతలను కొలవడమే నా పని.

మా నాయన ఆదోనిలో, పత్తి గింజలు తీసి దూదిని బేళ్లుగా బిగించే జిన్నింగు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇదంతా చెబితే తేలిగ్గా తీసిపారేశాడు.

"మా పత్తి బేళ్ల మాదిరే కదప్పా. పొగ రాదు, మంట రాదు, లోపల నిప్పుంటాది. సెయ్యి పెడితేనే తెలిసేది."

అలాంటి బేలు దొరికితే విప్పి, కాగిన పత్తిని పలచగా పరిచి చల్లార్చేవాళ్లు.

ఒక జనవరిలో నాయన నిద్రలోనే పోయాడు. నాకు ఏడుపు రాలేదు. కట్టెలు, పూలు, బంధువులకు టెలిగ్రాములు, అన్నీ నేనే చూసుకున్నాను. ఎవరి ఇంట్లోనో పని చక్కబెడుతున్నట్టే ఉండింది.

దినాలయ్యాక ఆయన పరుపు బయట పడేయాలి. అమ్మ పడేయనివ్వలేదు. దాని పక్కనే నేలమీద కూర్చుంది. మెతుకు ముట్టలేదు.

"మీ నాయన యాడికీ పోలేదురా. ఇంగా ఒంటి కాక ఉండాది, సూడు."

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన అక్క ఎంతో బతిమాలింది. అమ్మ కూడా దక్కదేమోనని మా భయం. అక్కడ ఏమీ లేదని నచ్చజెప్పడానికే పరుపు మీద చేయి పెట్టాను.

నడిమధ్యన వేడిగా ఉంది.

మా పనిలో మొదట అనుమానించాల్సింది మన పరికరం వేడిని, చుట్టూ ఉన్న గాలి వేడినే. అందుకే పరికరాన్ని ఒకసారి గెలాక్సీ మీదికి, ఒకసారి పక్కనున్న ఖాళీ ఆకాశం మీదికి తిప్పి తేడా చూస్తాం. నేనూ అదే చేశాను. ఒకసారి నాయన పరుపు మీద, ఒకసారి అదే పత్తితో కుట్టిన అమ్మ పరుపు మీద, మార్చి మార్చి చేయి పెట్టాను. అమ్మది చలికి జివ్వుమంటోంది. ఆ గదిలోకి ఎండ రాదు. దినాలు మొదలైనప్పటి నుంచి ఆ రెండింటి మీదా ఎవరూ పడుకోలేదు. అక్క కూడా చేయి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

నాకు తోచింది ఒక్కటే. కుట్లు విప్పి, పత్తిని వరండాలో పలచగా పరిచాను. తెల్లటి పత్తి. ఎక్కడా మాడలేదు, పొగ వాసనా లేదు. నడిమి గుప్పెళ్లు మాత్రం పెనం మీంచి దించిన రొట్టెలా ఉన్నాయి. పరిచేకొద్దీ చల్లబడ్డాయి.

అమ్మ వచ్చి పత్తి తడిమి చూసింది.

"పోయినాడు" అంది. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. తర్వాత అక్కను గంజి అడిగింది.

నేను ఆ పత్తి మధ్యన కూర్చుని ఏడ్చాను.

ఆ వేడి ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. విప్పకుండా ఉంచితే ఇంకా ఎన్నాళ్లుండేదో కూడా తెలియదు.