అత్త కొండకి, మావయ్య సముద్రానికి

ఆ రోజుల్లో ఈ లోకంలో నాకు తెలియని ఊరంటూ లేదు. అలాగని ఎక్కడికైనా వెళ్ళొచ్చానని కాదు. (అప్పటికి నేను దాటిన నీళ్ళన్నిట్లోకీ పెద్దవి కృష్ణానదివి. అదీ బస్సులో, నిద్రపోతూ.) డిగ్రీ అవగానే గుంటూరులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో కుదురుకున్నాను. వెనక గోడ నిండా ప్రపంచ పటం, కూర్చోడానికి తిరిగే కుర్చీ. "బాలీలో ఈ నెల వానలండీ, వచ్చే నెల పెట్టుకోండి" అని ఫోన్లో చెబుతుంటే నా గొంతు నాకే ముద్దొచ్చేది.

అక్కడ నాకు సొంతంగా అప్పగించిన మొదటి ప్రయాణం మా మేనత్తా మావయ్యలది. పెదకాకాని అవతల పల్లెలో మిరప, పత్తి వేసేవాళ్ళు. అంతకుముందు ఏడాది ఏదో ప్యాకేజీలో శ్రీలంక వెళ్ళొచ్చారు గానీ, వెళ్ళినట్టే లేదని ఇద్దరి బాధానూ. "గుడి ముందు దిగాం, చెప్పులిప్పాం, చెప్పులేసుకున్నాం, బస్సెక్కాం. లోపల ఏ దేవుడున్నాడో ఇప్పటికీ తెలీదు" అనేది అత్త. మావయ్యదీ అదే గోల. సముద్రం కనపడగానే పంచె ఎగ్గట్టి ఒక్క పాదం తడుపుకున్నాడో లేదో, గైడు జెండా ఊపాడట. అందుకని ఈసారి గుంపుతో పన్లేదు, మనంతట మనమే మళ్ళీ వెళ్దాం, దారి చూపడానికి కోడలు పిల్ల ఉందిగా అనుకున్నారు. పాపం, నన్ను నమ్మారు.

ఆదివారంనాడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వాళ్ళూరు వెళ్ళాను. కల్లంలో కాయ ఎండుతోంది. ఆ ఘాటుకి తుమ్ముకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ నా పథకం విప్పాను. కొలంబోలో దిగుతారు, అక్కణ్ణుంచి కాండీ, నువారా ఎలియా, ఎల్లా, చివరికి సముద్రపొడ్డున గాల్. ఏ పొద్దుకాపొద్దు ఒక ఊరు. ఊపిరి పీల్చుకోడానికి కూడా సందు లేకుండా అల్లానని మురిసిపోయాను.

"ఈ ఊరికీ ఆ ఊరికీ ఎంత దూరమే?" అన్నాడు మావయ్య.

"ఎంత మావయ్యా, బెత్తెడు."

"బెత్తెడు నీ పటంలో. మధ్యలో ఘాటు రోడ్డుందా లేదా?"

ఉందని ఒప్పుకున్నాను.

"అయితే నేను రాను. మిర్చి ఘాటు ఎంతైనా తట్టుకుంటా గానీ, ఆ ఘాటు నావల్ల కాదు. కిందటిసారి ఆ మలుపులకి కడుపులో పేగులన్నీ నోట్లోకొచ్చినయ్. సముద్రం చాలు నాకు."

"నేను మాత్రం నూరేళ్ళ చూడాల్సిందే" అంది అత్త. (నువారా ఎలియా ఆవిడ నోట్లో నూరేళ్ళ అయింది.) "తేయాకు తోటల్లో రైలు పోతుంటే కిందటిసారి బస్సులోంచి చూశా. ఈసారి ఎక్కుతా."

"ఆ పేరు వింటేనే నాకు నూరేళ్ళూ నిండిపోతున్నాయి."

అంతే, మాటలు ఆగిపోయాయి. మధ్యలో నేను తంతి తపాలానయ్యాను. "మీ మావయ్యకి అన్నం పెట్టానని చెప్పవే" అని ఆవిడ, "ఆకలి లేదని చెప్పమ్మాయ్" అని ఆయన. ఇద్దరూ నాకు మూరెడు దూరంలోనే ఉన్నారు. మర్నాడు మా ఆఫీసాయనకి ఏం చెప్పుకోవాలి? మొదటి ప్రయాణమే గుంటూరు దాటకుండా ఆగిపోయేలా ఉంది. ఆ భయంలో నాకొక బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. అత్త రైల్లో కొండకి, మావయ్య కారులో సముద్రానికి. రెండ్రోజుల తర్వాత గాల్‌లో ఇద్దరూ కలుస్తారు. పటం మీద అత్తకి ఎర్రగీత, మావయ్యకి నీలంగీత గీసి, "ఇక్కడ విడిపోతారు, ఇక్కడ కలుస్తారు" అని రాసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడేశాను.

గుంటూరులో మా ఇంట్లో ఆ సందేశం చదివి వినిపించిన మహానుభావులెవరో గానీ, మా నాయనమ్మ చెవిన పడింది మాత్రం మొదటి సగమే. సాయంత్రానికల్లా ఆవిడ ఆటోలో దిగింది. కూతురి గుమ్మం ఇంకా తొక్కకుండానే శోకాలు. ఆ శోకాలకి వీధి వీధంతా వచ్చింది. వీధి వెనకాలే, కండువా సర్దుకుంటూ, మాజీ ప్రెసిడెంటు గారు వచ్చి మంచం మీద కూర్చున్నారు.

"ఏవమ్మా, పిల్లలు పెళ్ళీడుకొచ్చాక విడిపోవడమేంటి?" అన్నారు గంభీరంగా.

"రెండ్రోజులేగా బాబాయ్" అంది అత్త, ఏమీ అర్థంకాక.

"ఇయ్యాల రెండ్రోజులంటారు!"

నాయనమ్మ మావయ్య వైపు తిరిగింది. "అల్లుడు గారూ, దానికి నోరు పెద్దదే గానీ మనసు వెన్న."

"నోరు సంగతి నాకు తెలుసులే అత్తయ్యా."

"నువ్వటే!" అని ఈసారి నామీద పడింది. "దేశంకాని దేశంలో సొంత మేనత్త చేత వేరు కాపురం పెట్టిస్తావటే!"

లాప్‌టాప్ తెరిచి, ఎర్రగీతా నీలంగీతా అందరికీ చూపించి, సంగతి తెలియజెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. కాపురం సంగతి పక్కకి పోయి, శ్రీలంకలో ముందు ఏ ఊరు చూడాలనే దాని మీద పంచాయితీ పడింది. కొండే ముందన్నారు సగంమంది. తిరుపతి దాటి ఎరగని ప్రెసిడెంటు గారు, "కొండెక్కాక సముద్రస్నానం చెయ్యకూడదు, జలుబు చేస్తది" అని తీర్పిచ్చారు. (నాలాంటి వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారని అప్పుడే తెలిసింది.)

ఆ గోలలో అత్త మావయ్యతో నేరుగా మాట్లాడింది. "నువ్వు లేకుండా ఆ రైల్లో నేనేం చూస్తానయ్యా? ఇదుగో చూడు, అదుగో చూడు అని ఎవరికి చెప్పను?"

మావయ్య కల్లం వైపు తిరిగాడు. గట్టిగా ఒక తుమ్ము తుమ్మి, "నాలుగు నిమ్మకాయలు పెట్టుకో, వాసన చూస్తా కూర్చుంటాలే" అన్నాడు.

వెళ్ళారు. నూరేళ్ళ చేరిన మర్నాడు పొద్దున మావయ్య ఫోను చేశాడు. "అమ్మాయ్, ఇక్కడ బాగుంది. మిగతా ఊళ్ళన్నీ తీసెయ్."

"అదేంటి మావయ్యా! అంత బాగా ఏం చూస్తున్నారు?"

"ఏం చూడట్లా. మంచు కప్పేసింది, ఎదురిల్లు కూడా కనపడట్లా. కూర్చున్నాం."

"మరి సముద్రం?"

"అదెక్కడికి పోద్ది!"

దగ్గర్లో జలపాతం ఉంది, కనీసం అదైనా చూడండి మావయ్యా అని బతిమాలాను. ఆయన ఫోను అత్తకిచ్చాడు. "పెట్టెయ్యవే, టీ చల్లారిపోతోంది" అని ఆవిడ పెట్టేసింది. ముందే మాట్లాడుకున్న హోటళ్ళన్నిటికీ ఫోన్లు చేసి వద్దనిపించేసరికి, మా ఆఫీసాయన చేత తిట్లు తినేసరికి నా పొద్దు గడిచిపోయింది. వాళ్ళు పంపిన ఫొటోల్లో అంతా తెల్లటి మంచు, మధ్యలో రెండు మంకీ క్యాపులు. పాపం ఆ పిల్ల, అంటే అప్పటి నేను, వాటిని పెద్దవి చేసి చేసి చూసింది, వెనకాల ఏదైనా కనపడుతుందేమోనని.

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది, నాకూ పెళ్ళయింది. "ఇంకో ఊరు కలపండి మేడమ్" అని ఎవరైనా అడిగితే కలుపుతూనే ఉంటాను, చేసే ఉద్యోగం అది. ఎప్పుడైనా పనంతా అయ్యాక మా ఆయనతో, "మనమూ ఎక్కడికైనా వెళ్దామా?" అంటాను. "ఏం చూడ్డానికి?" అంటారాయన. మంచులో ఆ రెండు మంకీ క్యాపులు గుర్తొస్తాయి, జవాబు నా నాలిక చివరే ఉంటుంది. చెబితే ట్రావెల్స్ ఆవిడకి మతిపోయిందనుకుంటారని, నాలో నేనే నవ్వుకుని ఊరుకుంటాను.